నిజంగా నీలం పూసే మొక్కలు ఏవి, సీమ ఎండకీ బోరు నీళ్ళకీ తట్టుకునేవి ఎన్ని?

నాలుగు వానలు పడితే చాలు, అనంతపురంలోనైనా కర్నూలులోనైనా కడపలోనైనా నర్సరీల ముందు స్కూటర్లు ఆగడం మొదలవుతుంది. ఈమధ్య అక్కడ తరచుగా వినపడే ప్రశ్న, "బ్లూ పూలవి ఏమున్నాయన్నా?" అని. ఫోన్లో ఎవరిదో మిద్దె తోట వీడియో చూసి వచ్చినవాళ్ళు కొందరు, ఆన్‌లైన్లో నీలి గులాబీ విత్తనాలు కొని మోసపోయి వచ్చినవాళ్ళు కొందరు. నర్సరీ అతను కవర్లో ఉన్న ఏదో మొక్క తీసి చేతిలో పెడతాడు, "బ్లూనే అక్కా, పూసినాక నువ్వే చూస్తావులే" అంటాడు. పూసినాక చూస్తే అది వంకాయ రంగు. అతను అబద్ధం చెప్పాడని కూడా అనలేం, ఎందుకంటే మొక్కల వ్యాపారంలో ఊదా, లావెండర్, వయొలెట్ అన్నీ కలిపి "బ్లూ" అనేయడం ప్రపంచమంతా ఉన్న అలవాటే.

ఈ గందరగోళంలో నిజానికి మూడు ప్రశ్నలు చుట్టుకుని ఉన్నాయి. అసలు నీలం అని దేన్ని అనాలి, అది పూలలో అంత తక్కువ ఎందుకు, ఉన్న ఆ కొద్దిపాటిలో మన ఎండకీ మన నీళ్ళకీ నిలబడేవి ఏవి. వీటిని విడదీసి చూస్తే కొనేముందు ఏం అడగాలో దానంతటదే తెలిసిపోతుంది.

నీలమా, ఊదానా: ముందు ఇది తేలాలి

బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పూల రంగుల కోసం ఒక చార్టు వాడుతుంది. అందులో నీలం ఒక గుంపు, ఊదా కలిసిన నీలం ఇంకో గుంపు, ఊదా మరో గుంపు. తేడా అంతా ఎరుపు ఛాయ ఎంత కలిసింది అన్నదాంట్లోనే ఉంది. ఎరుపు అస్సలు కనపడకపోతే నీలం, కొంచెం తొంగి చూస్తే ఊదా నీలం, బాగా తెలిస్తే ఊదా.

చార్టు మన దగ్గర ఉండదు కాబట్టి సులువైన పరీక్ష ఒకటి. పువ్వుకి ఒక పక్క నీలి బాల్ పెన్ను మూత, ఇంకో పక్క వంకాయ పెట్టి చూడండి. ఎటువైపు దగ్గరగా ఉందో కంటికి వెంటనే తెలుస్తుంది. విడిగా చూసినప్పుడు నీలం అనిపించిన డిసెంబరం పువ్వు పెన్ను మూత పక్కన పెట్టగానే ఊదాగా బయటపడుతుంది, అదే విష్ణుక్రాంత పువ్వు పెన్ను మూతకి తమ్ముడిలా కూర్చుంటుంది. ఈ పరీక్ష ఉదయం తొమ్మిదీ పదీ మధ్యలో, ఎండ నేరుగా పడని చోట చేస్తేనే నమ్మకం. సాయంత్రం ఎర్రటి వెలుగు ఏ నీలానికైనా కొంత ఎరుపు పూస్తుంది.

ఫోన్ ఫొటో చూసి నిర్ణయిస్తే మాత్రం తిప్పలే. వెలుగుని బట్టి ఫోన్ తనంతట తనే రంగుని సర్దుతుంది, నీడలో తీస్తే ఒకలా, ఎండలో తీస్తే ఇంకోలా వస్తుంది. పైగా అమ్మేవాళ్ళు రంగు కొంచెం పెంచి పెడతారు. ఊదా పూలు ఫొటోలో చక్కటి నీలంగా కనపడటం అందరం చూసిందే, బెంగళూరు జకరాండా చెట్ల ఫొటోలు అందుకు మంచి ఉదాహరణ, కళ్ళారా చూస్తే అవి ఊదావే.

మన ప్రాంతానికి సంబంధించిన చిన్న విచిత్రం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. కృత్రిమ రంగులు రాకముందు కడప జిల్లా నీలిమందుకి పేరున్న ప్రాంతం. ఆ నీలిమందు చెట్టు పువ్వు మాత్రం గులాబీ రంగు. నీలం దాని ఆకులో దాగి ఉంటుంది, నానబెట్టి, చిలికి, గాలి తగిలిస్తే గానీ బయటికి రాదు. కాబట్టి "నీలి" అని పేరుంది కదా అని దాన్ని తోటలో పెడితే నీలి పూలు రావు.

రేకులో నీలం ఎలా పుడుతుంది

పూల మొక్కల్లో నీలం పూసేవి పదిలో ఒక వంతు కూడా ఉండవని వృక్షశాస్త్రం చదివినవాళ్ళు చెప్పే లెక్క. కారణం రసాయనంలో ఉంది, కొంచెం ఓపిక పడితే ఇది అర్థమయ్యేదే.

ఎండలో అన్ని రంగులూ కలిసే ఉంటాయి. రేకు కొన్నిటిని మింగి కొన్నిటిని వదిలేస్తుంది, వదిలేసిందే మన కంటికి రంగు. నీలంగా కనపడాలంటే రేకు ఎరుపు, నారింజ వైపు వెలుగుని మింగాలి. పూలకి రంగులద్దే పదార్థాల్లో ముఖ్యమైనవి ఆంథోసయనిన్లు, అవి మామూలుగా మింగేది ఆకుపచ్చ వైపు వెలుగుని, అందుకే వాటి సహజ రంగు ఎరుపు నుంచి ఊదా వరకు. అక్కడి నుంచి నీలం దాకా నెట్టడానికి మొక్క అదనంగా ఏదో ఒకటి చెయ్యాల్సిందే.

ఆంథోసయనిన్లలో మూడు మూల రకాలు గుర్తుపెట్టుకుంటే చాలు. పెలార్గోనిడిన్ నారింజ కలిసిన ఎరుపు, సయనిడిన్ ఎరుపు, డెల్ఫినిడిన్ ఊదా. నీలానికి అన్నిటికంటే దగ్గరది డెల్ఫినిడిన్. దాన్ని తయారు చేసే ఎంజైము గులాబీకి లేదు, చామంతికి లేదు, కార్నేషన్‌కీ లేదు. ఇన్నేళ్ళు ఎన్ని రకాలు కలిపి సంకరం చేసినా నీలి గులాబీ రాకపోవడానికి మొదటి కారణం ఇదే. అయితే డెల్ఫినిడిన్ ఉన్నంత మాత్రాన నీలం వచ్చేయదు. వంకాయ తొక్కలో ఉన్న రంగు కూడా డెల్ఫినిడిన్ కుటుంబానిదే, అది నీలమా?

మిగిలిన దూరం దాటడానికి మొక్కలకి మూడు దారులున్నాయి.

మొదటిది రేకు లోపలి రసంలో పులుపు తగ్గించడం. హెవెన్లీ బ్లూ అనే మార్నింగ్ గ్లోరీ తీగలో ఇది భలే స్పష్టంగా కనపడుతుంది. మొగ్గ ఊదా ఎరుపుగా ఉంటుంది, విచ్చుకునేసరికి ఆకాశ నీలం అయిపోతుంది. ఆ కొద్ది గంటల్లో రేకు కణాల్లోని రసం పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, అది పెరిగితే పులుపు తగ్గినట్టు) 6.6 నుంచి 7.7కి పెరుగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. రంగు పదార్థం అదే, పులుపు మాత్రమే మారింది.

రెండోది లోహాల సాయం. ఇక్కడ వందేళ్ళ వాదన ఒకటి ఉంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టేటర్ 1913లో నీలి కార్న్‌ఫ్లవర్ నుంచి సయనిడిన్ వేరు చేశాడు, తర్వాత చూస్తే ఎర్ర గులాబీలో ఉన్నదీ అదే పదార్థం. అదే పదార్థం ఒకచోట ఎరుపు, ఒకచోట నీలం ఎందుకయింది? పులుపు తేడా వల్ల అన్నాడు ఆయన. మొక్కల రంగుల మీద చేసిన పనికి 1915లో నోబెల్ కూడా వచ్చింది. జపాన్‌లో షిబాటా బృందం 1919లో ఇంకో మాట చెప్పింది, పులుపు వల్ల కాదు, లోహంతో ముడిపడటం వల్ల అని. కార్న్‌ఫ్లవర్ విషయంలో చివరికి నెగ్గింది లోహం వాదనే. ఆ పువ్వు రసం పుల్లగానే ఉంటుంది, అయినా ఆరు సయనిడిన్ అణువులు, ఆరు సహాయక అణువులు, ఒక ఇనుము, ఒక మెగ్నీషియం, రెండు కాల్షియం కలిసి ఒక గుత్తిగా కూర్చోవడం వల్ల నీలం వస్తోందని 2005లో తేలింది. అలా అని విల్‌స్టేటర్ పూర్తిగా తప్పేమీ కాదు, మార్నింగ్ గ్లోరీ దగ్గర ఆయన మాటే నిజమయింది.

మూడోది రంగు అణువుకి పక్కన తోడు అణువులు అతికించుకోవడం. మన శంఖపుష్పం చేసేది ఇదే. దానిలోని టెర్నాటిన్లు అనే పదార్థాలు డెల్ఫినిడిన్‌కి రెండు వైపులా పొడవాటి తోకల్లాంటి భాగాలు అతికించుకున్నవి, ఆ తోకలు మడతపడి రంగు అణువుని కప్పి కాపాడతాయి. అందుకే దాన్ని ఎండబెట్టినా, మరిగించినా నీలం అంత తేలిగ్గా పోదు. ఆ పూల సారాన్ని తిండి పదార్థాల్లో రంగుగా వాడుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో అనుమతి ఇచ్చింది కూడా.

వంటింటి ప్రయోగం చూపించేది, చూపించనిది

శంఖపుష్పం నాలుగు రేకులు వేడినీళ్ళలో వేస్తే నీళ్ళు నీలం అవుతాయి. నిమ్మరసం పిండితే ఊదా, ఇంకా పిండితే గులాబీ. వేరే గ్లాసులో చిటికెడు వంటసోడా వేస్తే పచ్చదనం తిరుగుతుంది. పిల్లలకి చూపించడానికి ఇంతకంటే మంచి ప్రయోగం లేదు.

ఈ ప్రయోగం చూసినవాళ్ళు చాలామంది ఒక అడుగు ముందుకేసి, మట్టిలో పులుపు మారిస్తే పువ్వు రంగు మారుతుంది అనుకుంటారు. అక్కడే చిక్కు. రేకు కణంలో ఎంత పులుపు ఉండాలో మొక్కే నిర్ణయించుకుంటుంది, మనం వేరు దగ్గర పోసే మజ్జిగతోనో నిమ్మ తొక్కలతోనో దాన్ని కదిలించలేం. బట్టల నీలం నీళ్ళలో కలిపి పోసినా కుండీలో మొక్కకి ఒరిగేదేమీ లేదు. కోసిన తెల్ల పువ్వు కాడని రంగు నీళ్ళలో ముంచితే రేకులు నీలం అవుతాయి, అది నిజమే, పూల దుకాణాల్లో కనపడే నీలి చామంతులు, నీలి ఆర్కిడ్లు చాలావరకు రంగు ఎక్కించినవే. అది రంగు నీళ్ళు పైకెక్కడం వల్ల జరిగేది, మొక్క మీద తర్వాత విచ్చుకునే పువ్వు మళ్ళీ తెల్లగానే ఉంటుంది.

మట్టిని బట్టి రంగు మార్చే పువ్వు అంటూ తోటల్లో గట్టిగా చెప్పుకోవలసింది ఒక్కటే, హైడ్రాంజియా. దాని కథ వేరు.

ఊటీలో నీలంగా ఉన్న హైడ్రాంజియా కడపకి వస్తే ఏమవుతుంది

హైడ్రాంజియా నీలానికి కావలసింది అల్యూమినియం. మట్టిలో అల్యూమినియం దాదాపు ప్రతిచోటా ఉంటుంది, కానీ మట్టి పుల్లగా ఉంటేనే అది నీళ్ళలో కరిగి వేరుకి అందుతుంది. పీహెచ్ 5.5 కంటే తక్కువ ఉంటే పూలు నీలం, 6.5 దాటితే గులాబీ, మధ్యలో ఉంటే ఊదాగానో మచ్చలుగానో. ఊటీ మట్టి పుల్లటిది, అందుకే అక్కడ నీలం.

మన వైపు చూడండి. కర్నూలు, నంద్యాల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగడి నేలల్లో పీహెచ్ 7.5, 8, కొన్నిచోట్ల 8.5 కూడా దాటుతుంది, తవ్వితే తెల్లటి సున్నపు గులకలు బయటపడతాయి. కడప బండ అంటేనే సున్నపురాయి. ఎర్ర నేలలు అంత క్షారం కాకపోవచ్చు, కానీ వాటికి పోసేది బోరు నీళ్ళే. బకెట్ అంచున తెల్లటి చారలు, గీజర్ కాయిల్ మీద పెచ్చులు, అన్నీ ఆ నీళ్ళలోని సున్నమే.

ఒక లెక్క వేసి చూద్దాం. నీళ్ళ క్షారత, అంటే పులుపుని విరిచే గుణం, సున్నపురాయి లెక్కలో లీటరుకి 300 మిల్లీగ్రాములు అనుకుందాం, తాగునీటికి భారతీయ ప్రమాణాలు 200 వరకు మంచిదని, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకోవచ్చని చెబుతాయి కాబట్టి ఇది మరీ పెంచి చెప్పిన అంకె కాదు. కుండీకి రోజుకి లీటరు పోస్తే నెలకి 9 గ్రాముల సున్నపురాయి పొడి కలిపినట్టే. ఏడాదికి 110 గ్రాములు దగ్గరికి వస్తుంది, అదీ ఏడెనిమిది కిలోల మట్టి పట్టే కుండీలో. పటిక వేస్తే అల్యూమినియమూ వస్తుంది, పులుపూ వస్తుంది, కాబట్టి కొన్నాళ్ళు పనిచేస్తుంది, కానీ రోజూ పోసే నీళ్ళు ఆ పులుపుని తినేస్తూనే ఉంటాయి. ఆర్వో మెషిన్ వదిలే వృథా నీళ్ళు మొక్కలకి పోసే అలవాటు ఉన్న ఇళ్ళలో అయితే ఇంకా వేగంగా, ఎందుకంటే లవణాలన్నీ చిక్కబడి ఉండేది ఆ నీళ్ళలోనే. వాన నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు మాత్రమే దీనికి పనికొస్తాయి.

సరే, ఇవన్నీ సర్దుకున్నాం అనుకున్నా మే నెల ఉంది. హైడ్రాంజియా ఆకులు పెద్దవి, పల్చనివి, నీళ్ళు ఊరికే ఆవిరైపోతాయి. 42 డిగ్రీల వడగాలిలో నీడన పెట్టినా మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తుంది. చలికాలంలో పూసిన కుండీ తెచ్చుకుని ఆ రెండు నెలలు చూసుకోవడం వేరు, దాన్ని తోట మొక్కగా లెక్కేయడం వేరు.

నీలి గులాబీ ఎక్కడిదాకా వచ్చింది

జపాన్ కంపెనీ సంటోరీ, ఆస్ట్రేలియా సంస్థ ఫ్లోరిజీన్ కలిసి ఏళ్ళ తరబడి పనిచేసి, ప్యాన్సీ పువ్వు జన్యువుని గులాబీలో పెట్టి డెల్ఫినిడిన్ పుట్టించాయి. అప్లాజ్ అనే పేరుతో అది 2009లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. రంగు? నిజాయితీగా చెప్పాలంటే లేత ఊదా. డెల్ఫినిడిన్ వచ్చింది గానీ గులాబీ రేకులోని పులుపు అడ్డుపడింది, తోడు అణువులు కూడా సరిపోలేదు.

2017లో మాత్రం జపాన్ పరిశోధకులు నీలం అని చార్టు కూడా ఒప్పుకునే చామంతి తెచ్చారు. దానికి రెండు జన్యువులు కావలసి వచ్చాయి, ఒకటి క్యాంపనులా అనే పువ్వుది, రెండోది మన గోడల మీద పాకే శంఖపుష్పానిది. ఇవి మన నర్సరీల్లో దొరికేవి కావు, మన దేశంలో రైతులు వాణిజ్యంగా పండిస్తున్న జన్యుమార్పిడి పంట ఇప్పటికీ పత్తి ఒక్కటే.

కాబట్టి పొట్లాల్లో వచ్చే "నీలి గులాబీ విత్తనాలు" గురించి పెద్దగా చర్చ అవసరం లేదు. మంచి గులాబీ రకాలు అంటు కట్టి పెంచేవి, విత్తనంతో తల్లి రంగు రావడం అన్నదే ఉండదు.

మన దగ్గర నిలబడే నీలాలు

ఇప్పటిదాకా చెప్పిన రసాయనం వల్ల తేలేది ఒకటుంది: నీలాన్ని తన లోపలే తయారు చేసుకునే మొక్కకి మన సున్నపు నేల అడ్డం కాదు. మట్టి మీద ఆధారపడే నీలమే మన దగ్గర ఓడిపోతుంది. అలా చూసుకుంటే జాబితా చిన్నదే అయినా గట్టిది.

శంఖపుష్పం ముందు వరసలో ఉంటుంది. దింటెన అని కూడా అంటారు. పువ్వుని దగ్గరగా చూస్తే అది తలకిందులుగా ఉంటుంది. చిక్కుడు జాతి పూలలో పెద్ద రేకు పైన జెండాలా నిలబడాలి, ఇందులో అదే రేకు కిందకి పరుచుకుని, నడుమ తెల్లటి పసుపు మచ్చతో తుమ్మెదకి కూర్చునే పీట వేస్తుంది. తుమ్మెద లోపలికి తల పెట్టగానే పుప్పొడి దాని వీపుకి అంటుకుంటుంది. రంగు ముదురు నీలం, పెన్ను మూత పరీక్షలో పాసవుతుంది గానీ అంచున పిసరంత ఊదా ఛాయ ఉంటుంది, పట్టుబట్టేవాళ్ళు దాన్ని పూర్తి నీలం అనరు. ముద్ద పూల రకంలో ఈ ఛాయ ఇంకొంచెం తెలుస్తుంది. విత్తనం తొక్క గట్టిది, రాత్రంతా నానబెడితే మొలక త్వరగా వస్తుంది. పువ్వు ఒక్కరోజే ఉంటుంది, కానీ తీగ రోజూ పూస్తుంది. కాయలు కట్టనిస్తే పూత తగ్గుతుంది.

విష్ణుక్రాంత మన ఎర్ర నేలల సొంత మొక్క. వినాయక చవితి పత్రిలో పేరు వింటాం, అనంతపురం బయట గట్ల మీద వానాకాలంలో గరికలో కలిసి నేలబారుగా పాకుతుంటుంది, మనమే తొక్కుకుంటూ పోతాం. పువ్వు సెంటీమీటరు కూడా ఉండదు, కానీ ఆ నీలంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆకుల మీద, కాడల మీద సన్నటి నూగు ఉంటుంది, ఎండని తట్టుకునే ఏర్పాటు అది. కుండీలో పెంచాలనుకుంటే ఒకటే ఇబ్బంది, ప్రేమగా నీళ్ళు పోస్తే చస్తుంది.

దానికి బ్రెజిల్ బంధువు ఎవాల్వులస్, నర్సరీల్లో బ్లూ డేజ్ అనే పేరుతో దొరికేది. పువ్వు దానికంటే రెండింతలు పెద్దది, చల్లటి నీలం, మధ్యలో తెల్ల చుక్క. మిద్దె మీద పూర్తి ఎండలో, వేలాడే కుండీలో బాగుంటుంది. దీని గుణం ఒకటి ముందే తెలుసుకోవాలి. ఎండ ఉన్నంతసేపే తెరుచుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది, మబ్బు పట్టిన రోజు అసలు తెరవకపోవచ్చు. ఉదయం ఎనిమిదికి ఆఫీసుకి వెళ్ళి ఆరింటికి వచ్చేవాళ్ళు ఆదివారం తప్ప దాని పూలు చూడలేరు.

అలాంటి ఇళ్ళకి ప్లంబాగో మేలు. మన చిత్రమూలానికి దక్షిణాఫ్రికా చుట్టం, లేత ఆకాశ నీలం గుత్తులు, సాయంత్రం కూడా తెరిచే ఉంటాయి. మసక వెలుతురులో మనిషి కంటికి ఎరుపు నల్లబడి, నీలం ఇంకా వెలిగినట్టు కనపడుతుంది, కంటి నిర్మాణమే అంత, కాబట్టి సాయంత్రం కుర్చీ వేసుకునే చోట లేత నీలం బాగా పనికొస్తుంది. పూత కొత్త చిగుళ్ళ మీదే వస్తుంది, అందుకే కత్తిరిస్తే బాగా పూస్తుంది. కత్తిరించేటప్పుడు రసం కొందరి చర్మానికి దురద పెడుతుంది. పువ్వు కింద పచ్చటి గొట్టం మీద జిగురు నూగు ఉంటుంది, పక్కగా నడిస్తే పంచెకీ చీరకీ అంటుకుని ఇంట్లోకి వచ్చేస్తుంది. నడిఎండలో పెడితే నీలం వెలిసిపోయి దాదాపు తెల్లబడుతుంది, మధ్యాహ్నం కొంచెం నీడ పడే చోట రంగు నిలుస్తుంది.

జాక్వెమాంషియా తీగ కూడా ఆకాశ నీలమే, కంచెకి అల్లుకుంటుంది, ఉదయం పూసి మధ్యాహ్నానికి వాడుతుంది. నీడన పెట్టడానికి ఎరాంథెమమ్ ఉంది, చలికాలంలో ముదురు నీలం వెన్నులు వేస్తుంది. చోటు ఉండి, ఓపిక బాగా ఉన్నవాళ్ళకి లిగ్నమ్ వైటే చెట్టు, నీలంగా విచ్చుకుని ముదిరేకొద్దీ తెల్లబడే పూలు, ఎండకి గట్టిది, కానీ నత్తలా పెరుగుతుంది. మన తూర్పు కనుమల అడవుల్లో ఉండే అల్లి చెట్టు కొమ్మల నిండా నీలి కుచ్చులు పూసినప్పుడు చూసినవాళ్ళు దాన్ని నర్సరీల్లో ఎందుకు పెంచరా అని అనుకోకుండా ఉండలేరు.

తొట్టి పెట్టుకునే చోటుంటే నల్లకలువ. మన పద్యాల్లో నీలోత్పలం అంటూ కళ్ళకి పోలిక చెప్పింది దీన్నే. పేరులో నలుపు ఉన్నా పువ్వు లేత నీలం, కొన్ని మొక్కల్లో ఊదా ఛాయ. రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి, నీళ్ళలో నాలుగు గప్పీ చేపలు వేస్తే దోమల టెన్షన్ ఉండదు. వేసవిలో నీళ్ళు ఎంత వేగంగా తగ్గుతాయో చూసి భయపడకండి, నింపుకుంటూ పోవాల్సిందే.

ఇక శనగ విత్తే రోజుల్లో, అంటే అక్టోబరులో, విత్తనం చల్లితే చలికాలమంతా పూసేవి: కార్న్‌ఫ్లవర్, నైజెల్లా, లార్క్‌స్పర్‌లో నీలి రకాలు, లొబీలియా. ఫిబ్రవరి చివర ఎండ ముదరగానే పని అయిపోతుంది.

"బ్లూ" అని అమ్మేవాటిలో ఊదావి కూడా చెప్పేస్తాను: డిసెంబరాలు, పెట్రియా, అజెరాటమ్, రోడ్డు డివైడర్ల మధ్య కనపడే రుయేలియా, సాల్వియాలో విక్టోరియా బ్లూ. కృష్ణకమలంలో నీలం ఉండేది నడుమ పోగుల్లోనే. డ్యురంటా సరిగ్గా నీలానికీ ఊదాకీ నడుమ గట్టు మీద ఉంటుంది, ఎటు తోస్తే అటు.

అభిప్రాయాలు ఎక్కడ విడిపోతాయి

ఊదాని నీలం అనకూడదు అనేవాళ్ళు ఒక వైపు. వాళ్ళ వాదనలో బలముంది, పసుపు బంతి పక్కన నిజం నీలం పెడితే రెండూ లేచి కనపడతాయి, ఊదా పెడితే ఆ మెరుపు వేరు, ఎరుపు పూల పక్కన అయితే ఊదా కలిసిపోయి కనపడకుండానే పోతుంది. ఇంకో వైపు, తోట చూసేది పది అడుగుల దూరం నుంచి, పెన్ను మూతతో ఎవరు కొలుస్తారు, ఎండకి తట్టుకుని గుబురుగా పూసే ఊదా మొక్కని వదులుకుని మూడు పూలు పూసే నీలం కోసం పాకులాడటం ఎందుకు అనేవాళ్ళు. ఇదీ నిజమే. నా మటుకు నాకు తేడా అమ్మేటప్పుడే ముఖ్యం అనిపిస్తుంది. ఊదా అని తెలిసి కొంటే గొడవే లేదు.

రెండో తగువు స్థానిక మొక్కలా, బయటివా అన్నది. విష్ణుక్రాంత, నల్లకలువ, పొలాల్లో కలుపుగా పెరికేసే వెన్నవెదురు, ఇవన్నీ ఇక్కడివే, తేనెటీగలకి అలవాటైనవే. వెన్నవెదురు నీలం ఎంత శుద్ధంగా ఉంటుందంటే, వేరుశనగ చేలో దాంతో పడే బాధ లేకపోతే జనం డబ్బిచ్చి కొనేవాళ్ళు. కానీ స్థానికం కదా అని గట్ల మీద విష్ణుక్రాంతని పెరికి తెచ్చి కుండీలో పెడితే ఎక్కువసార్లు బతకదు, లోతుగా దిగిన వేరు తెగిపోతుంది. విత్తనంతో మొదలుపెట్టడం నయం. బయటి మొక్కల్లో ప్లంబాగో, ఎవాల్వులస్ లాంటివి నీళ్ళు తక్కువ అడుగుతాయి కాబట్టి వాటిని కాదనడానికి పెద్ద కారణం కనపడదు.

రెండు ఇళ్ళు, రెండు లెక్కలు

అనంతపురంలో మూడో అంతస్తు మిద్దె అనుకుందాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే ఊరు, బోరు నీళ్ళు, రోజంతా ఎండ, చెయ్యి పెడితే కాలే పిట్టగోడ. ఇక్కడ హైడ్రాంజియా, థన్‌బర్జియా తీగ లాంటి నీళ్ళు తాగే మొక్కలు మొదటే పక్కకి పోతాయి. పడమటి కమ్మీకి శంఖపుష్పం అల్లిస్తే అదే కింది కుండీలకి మధ్యాహ్నం నీడ, ఆ నీడలో ప్లంబాగో రంగు వెలవకుండా ఉంటుంది. తూర్పు పిట్టగోడ మీద ఎవాల్వులస్. కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన మట్టి వానల్లో తడి వదలదు కాబట్టి ఎవాల్వులస్ కుండీలో ఇసుక పాలు పెంచాల్సి ఉంటుంది.

రెండోది కర్నూలులో కింది ఇల్లు, ముందు ఆరడుగుల వెడల్పు నల్లరేగడి, తుంగభద్ర నీళ్ళ కుళాయి. నీళ్ళ బాధ తక్కువ, మట్టి బాధ ఎక్కువ. నల్లరేగడి వానాకాలంలో జిగురు, వేసవిలో నెర్రెలు. విష్ణుక్రాంత, ఎవాల్వులస్ ఇందులో వేరు కుళ్ళి పోతాయి, ఇటుకలతో ఎత్తు చేసి ఎర్రమట్టి పోస్తే తప్ప. శంఖపుష్పానికి ఆ మట్టితో పేచీ లేదు. గేటు పక్కన ప్లంబాగో పొదకి కాస్త గరుసు కలిపిన గుంత చాలు, గోడ నీడలో ఎరాంథెమమ్, మెట్ల దగ్గర సిమెంటు తొట్టిలో నల్లకలువ. ఆ తొట్టికి అడుగున వేసేదానికి మాత్రం ఆ నల్లమట్టే మంచిది, జిగురుగా ఉండి నీళ్ళలో కలిసిపోకుండా దుంపని పట్టుకుంటుంది.